పాట, ప్రసంగం ఉంటే చాలదా? సంస్కారాలు, ఆరాధన క్రమం గురించి ఒక జవాబు

తమ్ముడూ, వందనాలు. మీరు రాసింది మొత్తం చదివాను. మిగతావాళ్లకు కూడా తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను.

మీ ఇంటివాళ్లది కందుకూరు దగ్గర పల్లెలో పాత బాప్టిస్టు సంఘం. ఉద్యోగానికి ఒంగోలు వచ్చాక ఒక కొత్త సంఘానికి వెళ్తున్నారు. అక్కడ గంటసేపు పాటలు, గంటకు పైగా ప్రసంగం, చివర ప్రార్థన. ప్రభువు బల్ల, అంటే అందరూ కలిసి రొట్టె, రసం తీసుకునే ప్రభు భోజనం, మూడు నాలుగు నెలలకోసారి, అదీ ఆరాధన ముగిసి సగం మంది వెళ్లిపోయాక. "పుస్తకం చూసి చదివే ప్రార్థనలో ఆత్మ ఉండదు, అదంతా ఆచారం" అని అక్కడి పెద్దలు చెప్తున్నారు. మీ భార్యది నాయుడుపేట వైపు లూథరన్ కుటుంబం. పసితనంలో బాప్తిస్మం పొందారు. అది చెల్లదు, మళ్లీ మునగాలి, అంతవరకూ బల్లలో చేయి వేయకూడదు అన్నారట. ఆమెకు అది పెద్ద టెన్షన్ అయిపోయింది. ఈ రోజుల్లో సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభువు బల్ల లాంటివి), ఆరాధన క్రమం నిజంగా అవసరమా, లేక పాతవాళ్ల అలవాటా అని మీరు అడుగుతున్నారు.

అవసరమే. పాతకాలం కంటే ఇప్పుడు ఇంకా ఎక్కువ అవసరం. నేను నెల్లూరు టౌన్లోనూ ప్రకాశం జిల్లా పల్లెల్లోనూ బాప్టిస్టు సంఘకాపరిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. బాప్టిస్టుగానే ఈ మాట చెప్తున్నాను.

మీ సంఘంలో ఆరాధన క్రమం లేదని అనుకుంటున్నారు గానీ, ఉంది. రెండు మూడు ఆదివారాలు గమనించి కాగితం మీద రాసుకోండి. ఒకరు వచ్చి "అందరూ హల్లెలూయా చెప్పండి" అంటారు. రెండు వేగం పాటలు, రెండు నెమ్మది పాటలు. నెమ్మది పాటలో కీబోర్డు సన్నగా మోగుతుండగా అందరూ చేతులెత్తుతారు. సాక్ష్యాలు, కానుక, ప్రకటనలు, ప్రసంగం, మళ్లీ కీబోర్డు, మళ్లీ ప్రార్థన. ప్రతి వారం ఇదే వరుస. ఎవరూ దాన్ని పుస్తకంలో రాయలేదు, అంతే తేడా. రాయని క్రమం మైకు పట్టుకున్నవాళ్ల చేతిలో ఉంటుంది. ఈ రోజు పాపం ఒప్పుకోవాలా వద్దా, పాత నిబంధన చదవాలా వద్దా, ఊళ్లో జబ్బుపడ్డవాళ్ల కోసం, వాన కోసం, ప్రభుత్వంలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. రాసిన క్రమం సంఘం అంతటిదీ. పాస్టరు గారికి జ్వరమొస్తే డీకను నిలబడి నడిపించగలడు. అక్షరం రాని అవ్వ కూడా వినీ వినీ నేర్చుకుని తన వంతు మాట తాను పలుకుతుంది. ఆరాధనలో సంఘానికి చేతినిండా పని ఉండాలని నా పట్టుదల. సంస్కారాలు, క్రమం లేనిచోట ఆ పని వేదిక మీదికి వెళ్లిపోతుంది, కింద కూర్చున్నవాళ్లు చూసేవాళ్లుగా మిగులుతారు.

ఇది మిషనరీలు తెచ్చిపెట్టిన అలవాటు అనుకునేవాళ్లు మొదటి సంఘాలను చూడాలి. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం 42వ వచనంలో బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన అని నాలుగూ కలిసే ఉన్నాయి. క్రీ.శ. 155 ప్రాంతంలో రోమాలో జస్టిన్ అనే విశ్వాసి చక్రవర్తికి ఒక విజ్ఞాపన రాశాడు. క్రైస్తవులు రహస్యంగా ఏదో చేస్తున్నారన్న పుకార్లు పోగొట్టడానికి, ఆదివారం మేము చేసేది ఇదీ అని వివరించాడు. పట్నాల్లోవాళ్లూ పల్లెల్లోవాళ్లూ ఒకచోట చేరతారు. అపొస్తలుల రాతలు గానీ ప్రవక్తల రాతలు గానీ సమయం ఉన్నంతసేపు చదువుతారు. నడిపించేవాడు బోధిస్తాడు. అందరూ లేచి ప్రార్థిస్తారు. రొట్టె, నీళ్లు కలిపిన ద్రాక్షారసం తెస్తారు, నడిపించేవాడు కృతజ్ఞతలు చెల్లిస్తాడు, ప్రజలు ఆమేన్ అంటారు. రాలేకపోయినవాళ్లకు పరిచారకులు ఇళ్లకు తీసుకెళ్లి ఇస్తారు. ఉన్నవాళ్లు ఇచ్చిన కానుకతో అనాథలను, విధవరాళ్లను, రోగులను, చెరసాలలో ఉన్నవాళ్లను ఆదుకుంటారు. అప్పటికి చర్చి భవనాలు లేవు, ఏ డినామినేషనూ లేదు. అయినా వాక్యం, బల్ల, కానుక ఒకే కూడికలో ఉన్నాయి. బల్లను ఆరాధన అయ్యాక మిగిలినవాళ్లకు పెట్టే పద్ధతి అక్కడ ఎక్కడా కనిపించదు.

సంస్కారాలు ఎన్ని అన్న వాదన గురించి ఎక్కువ రాయను. కతోలికులకు ఏడు, 1547లో వాళ్ల ట్రెంటు మహాసభ ఆ లెక్కను ఖాయం చేసింది. లూథరన్లు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు బాప్తిస్మం, ప్రభు భోజనం అనే రెండింటిని ప్రధానంగా చూస్తారు. మన బాప్టిస్టులం వాటినే ప్రభువు ఇచ్చిన ఆజ్ఞలు అంటాం. రొట్టెలో ప్రభువు ఎలా ఉన్నాడన్నదాని మీద 1529లో జర్మనీలోని మార్బర్గులో సంస్కర్తలు లూథరూ జ్వింగ్లీ కూర్చుని పదిహేను అంశాల్లో పద్నాలుగు ఒప్పుకుని, ఈ ఒక్కదాని దగ్గర విడిపోయారు. ఆ చీలిక ఇంకా పూర్తిగా మానలేదు. అది ఇక్కడ నేనూ మీరూ తేల్చగలిగింది కాదు. బల్ల దగ్గర ప్రభువే మనల్ని పిలిచి ఇస్తాడు, మనం చేయి చాచి తీసుకుంటాం. దీన్ని చాలా సంఘాలు ఒప్పుకుంటాయి, నాకు అది చాలు.

మన ప్రాంతంలో బల్ల విలువ తెలిసేది ఆ వాదనలో కాదు, వేరే చోట. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. "అయోగ్యముగా" తినకూడదన్న మాట చూసి భయపడి బల్లకు రాని మనుషులు ప్రతి పల్లె సంఘంలోనూ ఉన్నారు. భర్తతో గొడవపడ్డాను, ఈ నెల తీసుకోను అంటుంది ఒకామె. బీడీ మానలేకపోయాను, నాకు అర్హత లేదంటాడు ఒక పెద్దాయన. పౌలు కోప్పడింది వీళ్లమీద కాదు. ఆ సంఘంలోని డబ్బున్నవాళ్లు ముందుగా వచ్చి తమ భోజనం తాము తినేసి మత్తుగా ఉంటే, పనిచేసి ఆలస్యంగా వచ్చిన పేదలు ఆకలితో చూస్తూ నిలబడ్డారు. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా అని ఆయన అడిగాడు. ఒకే బల్ల దగ్గర రెండు తరగతులు పెట్టడం ఆయన దృష్టిలో ప్రభువు శరీరాన్ని గుర్తించకపోవడం.

ఇది మన ఊళ్లకు సూటిగా తగిలే మాట. ఒకే నీళ్లు, ఒకే గిన్నె అన్నది ఇక్కడ ఎంత పెద్ద సంగతో 1985లో కారంచేడులో దళితులను చంపిన సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ దారుణానికి ముందు జరిగిన తగాదా తాగే నీళ్ల చెరువు దగ్గరే. టీ కొట్టు దగ్గర వేరే గ్లాసులో తాగినవాడు ఆదివారం అందరితో కలిసి ఒకే రొట్టె ముక్క తీసుకోవడం చిన్న సంగతి కాదు. ఎంత గొప్ప ప్రసంగమైనా చెవికి చెప్తుంది, బల్ల చేతిలో పెడుతుంది. అందుకే బల్లను అరుదుగా పెట్టే సంఘాల గురించి నాకు దిగులు. ఇంకో దిగులు కూడా ఉంది. మాల పల్లెకొక సంఘం, మాదిగ పల్లెకొక సంఘం అని మనలో మనమే విడిపోయి, ఒకరి బల్లకు ఒకరు వెళ్లని చోట్లున్నాయి. చందా బాకీ ఉంటే సంస్కారం ఇవ్వని చోట్లున్నాయి. అది కొరింథువాళ్లు చేసిన పనే. సంఘం క్రమశిక్షణ అని దానికి పేరు పెట్టినా మారదు.

రసం సంగతి కూడా చాలామంది అడుగుతారు. కతోలికులు పులిసిన ద్రాక్షారసమే వాడాలంటారు, వాళ్ల నియమం అది. మన సంఘాల్లో నల్లద్రాక్ష ఉడికించి వడకట్టిన రసం, సీజన్ కాకపోతే ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసం వాడతాం. అమెరికాలో 1869లో వెల్చ్ అనే మెథడిస్టు విశ్వాసి ద్రాక్షరసం పులియకుండా నిలవ ఉంచే పద్ధతి కనిపెట్టాక అక్కడి సంఘాలు దానికి మారాయి. మనకు దానికంటే దగ్గరి కారణం ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ జిల్లా మనది. తాగుడు మానడానికి నానా అవస్థ పడుతున్న మనిషికి బల్ల దగ్గర మళ్లీ ఆ వాసన చూపించకూడదని పాతవాళ్లు తీసుకున్న నిర్ణయం సరైందే. చిన్న గ్లాసులు వాడినా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే బల్ల మీద అందరికీ కనిపించేలా ఒక రొట్టె, ఒక పాత్ర ఉండాలి, ఆ రొట్టెను అందరి ముందూ విరవాలి. ముందే ముక్కలు కోసి మూతపెట్టి తెచ్చే పద్ధతి నాకు నచ్చదు. ఒకటే రొట్టె గనుక మనం అనేకులమైనా ఒకటే శరీరం అని పౌలు రాసింది కంటికి కనబడాలి.

బాప్తిస్మం విషయానికి వస్తే, మన జిల్లాల క్రైస్తవ చరిత్ర నీళ్లలోనే మొదలైంది. శామ్యూల్ డే అనే మిషనరీ 1840లో నెల్లూరులో బాప్టిస్టు మిషను పెట్టాడు. ఏళ్ల తరబడి విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగేది. 1866లో జాన్ క్లౌ అనే అమెరికా మిషనరీ ఒంగోలు వచ్చాడు. తాళ్లకొండపాడు పేరయ్య లాంటి మాదిగ పెద్దలు ఊరూరా తిరిగి చెప్పాక సంగతి మారింది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నా ఆపి ఉంచాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి. క్లౌ ఆ రోజు నీళ్లలోకి దిగలేదు.

ఈ కథను సంఖ్య కోసం చెప్పేవాళ్లే ఎక్కువ. నాకు ముఖ్యమైంది ఆ ఆపడం. ఉత్త ఆచారమైతే ఆపక్కర్లేదు, వచ్చినవాళ్లను వచ్చినట్టు ముంచేసి లెక్క రాసుకోవచ్చు. ఆ నీళ్లకు విలువ ఉందని నమ్మాడు కాబట్టి ఆగాడు. ఈ రోజుకీ మన దగ్గర బాప్తిస్మానికి వెల ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ కుటుంబం క్రైస్తవులమని రాసుకుంటే ఆ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వెళ్తుంది. పిల్లల చదువు, ఉద్యోగం అంతా ముడిపడి ఉన్న సంగతి. అందుకే ఎంతోమంది ఏళ్ల తరబడి ఆరాధనకు వస్తూ నీళ్లదాకా వచ్చి ఆగిపోతారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. బాప్తిస్మం లేకపోయినా పర్లేదు అని తేలిగ్గా చెప్పేవాళ్లు మాత్రం, దానికోసం పోగొట్టుకున్నవాళ్ల ముఖం చూసి చెప్పాలి.

ఇక "చదివే ప్రార్థనలో ఆత్మ ఉండదు" అన్న మాట. పొగాకు ధర పడిపోయిన ఒక సంవత్సరం, నేను పనిచేసిన చోట ఒక యువ రైతు పురుగుల మందు తాగి చనిపోయాడు. అప్పులవాళ్లు కూడా ఆ సమాధి దగ్గర నిలబడి ఉన్నారు. ఆత్మహత్య చేసుకున్నవాడికి సంఘం తరఫున ప్రార్థన ఏమిటి అని గొణిగినవాళ్లూ ఉన్నారు. అతని తల్లి నా వైపే చూస్తోంది. ఆ క్షణంలో సొంతంగా ప్రార్థన చేయమంటే నా నోట ఒక్క మాట వచ్చేది కాదు. వచ్చినా ఎవరో ఒకరికి గుచ్చుకునేది. భూస్థాపన క్రమం తెరిచి చదివాను. "నేనే పునరుత్థానమును జీవమును." తర్వాత 130వ కీర్తన, అగాధ స్థలములలోనుండి పెట్టిన మొర. తర్వాత మన్ను మంటికి, బూడిద బూడిదకు, ధూళి ధూళికి. ప్రభువు నేర్పిన ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి గొణిగినవాళ్లు కూడా కలిశారు. ఆ మాటలు అతణ్ణి తీర్పు తీర్చలేదు, పొగడలేదు. అందరి చావు దగ్గరా చదివే మాటలే అతని దగ్గరా చదివాం, ఆ తల్లికి కావలసింది అదే. ఆత్మ ఆ రోజు ఎక్కడుందని ఎవరైనా అడిగితే, ఆ పుస్తకంలోని మాటల్లో ఉందని చెప్తాను.

నియమించిన పాఠాలు చదవడం వల్ల ఇంకో మేలుంది. కతోలికులకు 1969 నుంచి మూడేళ్ల పాఠాల పట్టిక ఉంది, దాని ఆధారంగా 1992లో ప్రొటెస్టెంటు సంఘాలకు ఒకటి తయారైంది. ఆదివారం పాఠం ముందే ఖాయమైపోతే పాస్టరుకు నచ్చిన పది వచనాల చుట్టూ ఏడాదంతా తిరగడం కుదరదు. ఆమోసు వస్తాడు, యోబు వస్తాడు, ధనవంతుడూ లాజరూ వస్తారు. దీవెన, విడుదల, అభివృద్ధి మాత్రమే వినిపించే సంఘాల్లో కూర్చున్న కూలివాడికి దేవుడు యోబుతో కూడా మాట్లాడాడని తెలియాలి కదా.

సంస్కారాలను తగ్గించిన చోట ఏం వచ్చిందో కూడా చూస్తున్నాం. ప్రార్థించిన నూనె సీసాలు, జేబురుమాళ్లు, ఇంటి గుమ్మానికి అంటించుకునే స్టిక్కర్లు. మనిషికి చేతితో పట్టుకునేది ఏదో ఒకటి కావాలి, దేవుడు మనల్ని ఒంటితో చేశాడు. ప్రభువు ఇచ్చిన నీళ్లు, రొట్టె, పాత్ర పక్కన పెడితే ఆ ఖాళీలోకి డబ్బులకు అమ్మేవి వస్తాయి. యాకోబు పత్రికలో రోగికి నూనె రాసి ప్రార్థించమని ఉంది. సంఘ పెద్దలు ఆ ఇంటికి వెళ్లి ఉచితంగా చేసే పని అది. దానికి రేటు పెట్టినవాళ్లు వేదికలెక్కి మన సంస్కారాలను ఆచారమనడం నాకు బాధగా ఉంటుంది.

మీ పెద్దలు చెప్పేదాంట్లో నిజం లేదని మాత్రం అనను. చచ్చిన క్రమం ఉంటుంది. పాపపు ఒప్పుకోలును రైలు తప్పిపోతున్నట్టు చదివేసే అయ్యగార్లు ఉన్నారు. విశ్వాస ప్రమాణం కంఠస్తం వచ్చి, అందులో ఒక్క వాక్యానికి అర్థం చెప్పలేని సంఘ పెద్దలు ఉన్నారు. ప్రసంగం వేళకు వచ్చి ప్రసంగం అవగానే వెళ్లేవాళ్లు అన్నిచోట్లా ఉన్నారు. ఈ జబ్బు తెలిసే పెద్ద సంఘాలు తమను తాము సరిచేసుకున్నాయి. 1963 డిసెంబరు 4న కతోలికుల రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద ఇచ్చిన పత్రం, ప్రజలు తెలిసి, చురుగ్గా పాల్గొనాలని కోరింది. అంతకుముందు పూజ లాటిన్లో జరిగేది. ఇప్పుడు నెల్లూరు సంతపేట కతోలిక గుడిలో తెలుగు పూజకు వెళ్లి చూడండి, జనం పలికే మాటలు ఎన్ని ఉన్నాయో. 1969లో మన దేశపు పద్ధతులకు, అంటే నేలమీద కూర్చోవడం, చేతులు జోడించడం, హారతి లాంటివాటికి రోము అనుమతి ఇచ్చింది. చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చోవడం మన పల్లె సంఘాలు ఎవరినీ అడగకుండానే ఎప్పటినుంచో చేస్తున్నాయి. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1950లో తన ప్రభు భోజన క్రమాన్ని తెచ్చింది. అందులో శాంతిని చేతినుంచి చేతికి అందించే పద్ధతిని కేరళ సిరియను సంఘాల దగ్గరనుంచి తీసుకుంది. పక్కనున్న మనిషి అరచేతిలో అరచేయి పెట్టి సమాధానం చెప్పి, అప్పుడు బల్లకు వెళ్లాలి. ముందు వారం గొడవపడ్డ తోటికోడళ్లు అలా చేతులు కలపడం నేను చూశాను. ఆ ఒక్క నిమిషం చేసిన పని గంట ప్రసంగం చేయలేదు.

సంస్కారాలే లేని క్రైస్తవులు కూడా ఉన్నారు. చీరాల, బాపట్ల వైపు మీకు తెలిసే ఉంటుంది, రక్షణ సైన్యంవాళ్లు 1883 నుంచి బాప్తిస్మం, ప్రభు భోజనం ఆచరించరు. రోగులకు, పేదలకు వాళ్లు చేసిన సేవ ముందు నేను తల వంచుతాను. సంస్కారం లేకపోతే దేవుడు చేతులు కట్టుకుని కూర్చుంటాడని నేను ఎప్పుడూ చెప్పను. వాళ్లకు యూనిఫాం, జెండా, మోకాళ్లూని పశ్చాత్తాపపడే బల్ల ఉన్నాయి, అదీ ఒక క్రమమే. అలాగే బక్త్ సింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సహవాసాల్లో పుస్తకపు క్రమం ఉండదు గానీ ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, తర్వాత ప్రేమవిందు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఉంది.

క్రమం అంటే పుస్తకమే అని కూడా అనుకోకండి. డిసెంబరు 31 రాత్రి కూడిక, వాగ్దానం కార్డు తీసుకోవడం, ఒంగోలు ప్రార్థన కొండమీద కొత్త సంవత్సరం ఉదయపు ప్రార్థన, శ్రమల దినాల్లో ఇంటింటి కూడికలు, మట్టల ఆదివారం ఈతమట్టలు పట్టుకుని తిరగడం, కోత పండుగలో గుమ్మడికాయకూ కోడిపుంజుకూ వేలంపాట పాడటం, చనిపోయినవాళ్లకు ఆదరణ కూడిక పెట్టడం, ఇవన్నీ మన జనం కట్టుకున్న క్రమమే. ఆ కొండమీద మిషనరీలు జ్యూవెట్ దంపతులూ ముగ్గురు తెలుగు విశ్వాసులూ తెల్లవారుజామున ప్రార్థించింది 1854 జనవరి 1న. మీ పెద్దలు వీటిలో దేన్నీ మానమని చెప్పరు. ఏడాదికొకసారి పండుగ క్రమంలో ఆత్మ ఉంటే ప్రతి ఆదివారం క్రమంలోనూ ఉండొచ్చు.

మీ భార్య బాప్తిస్మం గురించి. బాప్టిస్టుగా నా నమ్మకం మారలేదు. విశ్వసించి ఒప్పుకున్నవాళ్లకే నేను ఇచ్చాను, ముంచే ఇచ్చాను. పసిబిడ్డను తెస్తే దేవుడికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన చేస్తాను, బాప్తిస్మం ఇవ్వను. లూథరన్లు చెప్పేది కూడా మీరు న్యాయంగా వినాలి. పసిబిడ్డ దేవుడికి ఏమీ తేలేదు, అయినా దేవుడు తనవాణ్ణిగా తీసుకుంటాడు, అదే కృప అంటారు వాళ్లు. ఆ బిడ్డ పెరిగి, లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం నేర్చుకుని, కన్ఫర్మేషన్ రోజున సంఘం ముందు తన నోటితో ఒప్పుకుంటుంది. అంటే మన దగ్గర ప్రతిష్ఠ ముందు, నీళ్లు తర్వాత. వాళ్ల దగ్గర నీళ్లు ముందు, ఒప్పుకోలు తర్వాత. 1982లో పెరూలోని లీమాలో అనేక సంఘాల వేదాంతులు ఒప్పుకున్న పత్రం, బాప్తిస్మం మళ్లీ మళ్లీ ఇచ్చేది కాదని, రెండోసారి ఇచ్చినట్టు కనిపించే పనులు మానుకోవాలని చెప్పింది. అన్ని బాప్టిస్టు సంఘాలూ దాన్ని అలాగే ఒప్పుకోలేదు, అది మీకు తెలియాలి.

బల్లకు రాకుండా ఆపడం మాత్రం వేరే సంగతి. నీళ్ల మీద అభిప్రాయ భేదం ఉన్నంతమాత్రాన తోటి విశ్వాసిని బల్లనుంచి దూరం పెట్టకూడదని ఇంగ్లండులో జాన్ బన్యన్ అనే బోధకుడు 1673లోనే వాదించాడు. అప్పట్లో సొంతవాళ్లే ఆయన్ని తిట్టారు. నేను ఆయన పక్షమే. మీ భార్య క్రీస్తును ఒప్పుకుంటోంది, ప్రార్థిస్తోంది, పరిశుద్ధంగా బతకాలని చూస్తోంది. ఆమెను అవిశ్వాసిగా లెక్కకట్టే హక్కు ఎవరికీ లేదు. ఆమె సొంతంగా చదివి, ప్రార్థించి, నేను మునిగి బాప్తిస్మం తీసుకుంటానంటే ఎవరూ అడ్డుపడకూడదు. బల్ల దొరకదన్న భయంతోనో, మీ మాట పోతుందన్న మొహమాటంతోనో నీళ్లలోకి దిగితే, అది ఆమెకు జీవితాంతం గుచ్చుకుంటుంది. మీరు ఆమె పక్కన నిలబడండి. ఇంట్లో ఆమెకు ఇంకెవరూ లేరు ఈ విషయంలో.

సంఘం ఇప్పుడే మానేయమని చెప్పను. పాస్టరు గారితో ఒంటరిగా, మర్యాదగా మాట్లాడండి. బల్లను నెలకోసారైనా మొదటి ఆదివారం ఆరాధన మధ్యలో పెట్టమని అడగండి. వాక్య పఠనం పాత నిబంధననుంచి ఒకటి, సువార్తనుంచి ఒకటి పెట్టి, సంఘంలో ఆడవాళ్లతోనూ కుర్రాళ్లతోనూ చదివించమనండి. పాపపు ఒప్పుకోలుకు రెండు నిమిషాలు, ప్రభువు ప్రార్థన అందరూ కలిసి చెప్పడం, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు అదే రోజు సంస్కారం తీసుకెళ్లడం కూడా అడగండి. వీటిలో ఏదీ డ్రమ్సునూ కీబోర్డునూ తీసేయమనదు. కొందరు పాస్టర్లు ఇలా అడిగితే సంతోషిస్తారు, వాళ్లను అడిగినవాళ్లే లేరు. ఇంట్లో రాత్రి ప్రార్థనకు ఆమె చిన్నప్పుడు నేర్చుకున్న ప్రశ్నోత్తరాలు, విశ్వాస ప్రమాణం వాడండి, మీకూ మేలు చేస్తాయి. ఫోను ముందు కూర్చుని ఇంట్లోనే రొట్టె, రసం తీసుకోవడం కరోనా రోజుల్లో తప్పలేదు. ఇప్పుడు దాన్ని అలవాటు చేసుకోకండి, బల్లకు పక్కన మనుషులు కావాలి.

ఈసారి నాయుడుపేట వెళ్లినప్పుడు అక్కడి సంఘంలో బాప్తిస్మ రిజిస్టరు, కన్ఫర్మేషన్ రిజిస్టరు చూపించమని అయ్యగారిని అడిగి, తేదీ, బాప్తిస్మం ఇచ్చినవారి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లతో ఒక నకలు సంతకం చేయించుకుని తెచ్చుకోండి. దాన్ని మీ పాస్టరు గారికి చూపించి, సభ్యత్వం ఇప్పుడే ఇవ్వకపోయినా బల్లకు ఆమెను పిలుస్తారా అని సూటిగా అడగండి. కుదరదంటే కందుకూరులో మీ పాత సంఘం పాస్టరు గారిని కలవండి. నాకు తెలిసిన చాలా పాత సంఘాలు ఆమెను బల్లకు రమ్మంటాయి.